రెండు గొడవలు: లూథర్–జ్వింగ్లీ, వెస్లీ–వైట్‌ఫీల్డ్

1529లో ఇద్దరు ప్రొటెస్టెంట్ సంస్కర్తలు, జర్మనీకి చెందిన లూథర్, స్విట్జర్లాండ్‌కు చెందిన జ్వింగ్లీ, జర్మనీలోని మార్‌బర్గ్ కోటలో ఎదురెదురుగా కూర్చున్నారు. 15 సిద్ధాంత అంశాల్లో 14 కుదిరాయి. ప్రభురాత్రి భోజనం దగ్గరే బెడిసికొట్టింది: ఆ రొట్టె, ద్రాక్షారసాల్లో క్రీస్తు శరీరం, రక్తం నిజంగా ఉన్నాయని లూథర్, అవి గుర్తులేనని జ్వింగ్లీ. "ఇది నా శరీరం" అన్న క్రీస్తు మాటను లూథర్ సుద్దతో బల్ల మీద రాసి పెట్టుకున్నాడు, చివరిదాకా పట్టు సడలించలేదు. జ్వింగ్లీ కన్నీళ్లతో అడిగినా సహోదరుడిగా ఒప్పుకోలేదు. సిద్ధాంతం దగ్గర ఆ పట్టుదల నాకు అర్థమవుతుంది. చెయ్యి కలపకపోవడం మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు. రెండేళ్లకే జ్వింగ్లీ యుద్ధంలో చనిపోయాడు.

18వ శతాబ్దపు ఇంగ్లండ్ బోధకులు, మిత్రులు వెస్లీ, వైట్‌ఫీల్డ్ కూడా తక్కువేం కాదు. ఎవరికి రక్షణో దేవుడు ముందే నిర్ణయించాడా (వైట్‌ఫీల్డ్ అవునన్నాడు, వెస్లీ కాదన్నాడు) అన్నదాని మీద బహిరంగంగా తలపడ్డారు, 1741లో విడిపోయారు. అభిప్రాయాలు మారలేదు గానీ మనుషులు మళ్ళీ దగ్గరయ్యారు. 1770లో వైట్‌ఫీల్డ్ చనిపోతే, ఆయన కోరిక ప్రకారమే లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీ.