విశాఖ ‘ఈజీ వాక్’ వీకెండ్ ప్యాకేజీ: పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు జాగ్రత్త

నిన్న పొద్దున సికింద్రాబాద్‌లో రైలు దిగాం. అమ్మ పాదాలకు ఇంకా మందు రాస్తూనే ఉన్నాను. కాబట్టి మాట కాస్త కటువుగా వస్తే ఏమీ అనుకోకండి.

హైదరాబాద్ నుంచి వీకెండ్ వాక్‌లు తీసుకెళ్ళే ఆ గ్రూపు గురించే. పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. “8 ఏళ్ళ నుంచి 80 ఏళ్ళ దాకా ఎవరైనా నడవొచ్చు” అని వారం వారం స్టేటస్ పెట్టేవాళ్ళంటే మీలో సగం మందికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

మనిషికి 6,500. శుక్రవారం రాత్రి రైలు. శనివారం తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి బీచ్. ఆదివారం కంబాలకొండ అడవిలో చెట్ల నీడన నడక, సాయంత్రం తిరుగు రైలు. థర్డ్ ఏసీ అన్నారు, స్లీపర్ ఇచ్చారు. పదిహేను మందే అన్నారు, రెండు వ్యాన్ల నిండా జనం. టిఫిన్ అంటే చల్లారిపోయిన ఉప్మా పొట్లం. వీటి గురించి గొడవ పడే ఓపిక నాకు లేదు, వదిలేస్తున్నాను.

డబ్బు కట్టే ముందు నేను అడిగింది ఒక్కటే. “అమ్మకు 67 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. చదునుగా ఉంటే గంటసేపు మెల్లగా నడుస్తుంది. పర్వాలేదా?” అని. “ఫుల్లీ ఈజీ మేడమ్, ఆంటీ డ్యాన్స్ చేసుకుంటూ నడుస్తారు” అని జవాబు, పక్కన రెండు నవ్వు బొమ్మలు. అది చూసి మురిసిపోయి అప్పటికప్పుడు యూపీఐ కొట్టిన నా తెలివికి సన్మానం చేయాలి.

తొట్లకొండ వరకు నిజంగానే బాగుంది. కొండ పైదాకా వ్యాన్ వెళ్తుంది. పైన చదునుగా ఉంటుంది, రాతి స్తూపం, బౌద్ధ భిక్షువుల గదుల పునాదులు, కింద బంగాళాఖాతం. నీళ్ళ కోసం రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి కాబట్టే ఆ పేరు. అమ్మ ఒక తొట్టి పక్కన నిలబడి “ఇంత ఎత్తున నీళ్ళెలా పట్టుకున్నారే” అని ముచ్చట పడింది. రెండు వేల ఏళ్ళ కిందటి చోటుకు మా లీడర్ గారు దయతో ఇరవై నిమిషాలు కేటాయించారు. “ఫొటోలు అయిపోయాయా, పదండి పదండి.”

తొందర ఎందుకో తర్వాత తెలిసింది. షెడ్యూల్‌లో ఎర్రమట్టి దిబ్బలు సాయంత్రం నాలుగింటికి ఉంది. మమ్మల్ని పన్నెండు దాటాక దింపారు. మమ్మల్ని అక్కడ వదిలేసి, అదే వ్యాన్లలో ఇంకో బ్యాచ్‌ను తిప్పాలట.

ఆ దిబ్బలు చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో, సముద్రం పక్కనే, వేల ఏళ్ళుగా పేరుకున్న ఇసుక అది. ఇనుప ఆక్సైడు పట్టి ఎర్రబడింది. వాన నీళ్ళు కోసుకుంటూ పోయిన చోట లోతైన గల్లీలు, రెండు పక్కలా నిట్టనిలువు గోడలు, గోడల్లోంచి వేలాడే చెట్ల వేళ్ళు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి. తప్పకుండా చూడాల్సిన చోటే. కానీ శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయాక, మిట్టమధ్యాహ్నం కాదు. సూర్యుడు నడినెత్తిన ఉంటే ఆ గోడలకు నీడే ఉండదు. పైగా అది నేల కాదు, ఇసుక. అడుగు వేస్తే మడమ దిగబడుతుంది, కాలు పీక్కుని ఇంకో అడుగు వేయాలి. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఇది ‘ఫుల్లీ ఈజీ’!

కాస్త దూరం వెళ్ళేసరికి అమ్మ ఆగిపోయింది. చెప్పుల్లోకి ఇసుక చేరి పాదాల అంచులు ఎర్రగా కమిలిపోయాయి. కూర్చుందామంటే కింద పెనంలా కాలుతోంది. గోడలోంచి బయటికి వచ్చిన ఒక వేరు పట్టుకుని నిలబడింది. చేయి వణుకుతోంది. నేను పరుగెత్తి ముందున్న లీడర్‌ను ఆపాను. పాతికేళ్ళ కుర్రాడు, మెడలో చిన్న స్పీకరు, చెంపకు మైకు. “బాబూ, మేం వెనక్కి వెళ్ళి వ్యాన్‌లో కూర్చుంటాం, డ్రైవర్‌కు ఒక్క మాట చెప్పండి” అన్నాను.

అతగాడు మైకు ఆపలేదు. కావాలనే ఆపలేదని నా నమ్మకం. “నడవలేని వాళ్ళు వాక్‌కు ఎందుకొస్తారు మేడమ్? ఆంటీని హాయిగా ఏదైనా గుడికి తీసుకెళ్ళాల్సింది” అన్నాడు. స్పీకర్లో అందరికీ వినపడింది. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. నేను నోరు తెరిచేలోపు అమ్మ “సారీ బాబూ, నా వల్ల అందరికీ లేటవుతోంది” అంది.

డబ్బు పోతే పోయింది. డబ్బు కట్టి, ముందే అడిగి, సరే అనిపించుకుని వచ్చిన మనిషి చేత క్షమాపణ చెప్పించుకున్నాడే, అది మాత్రం నాకు మింగుడు పడటం లేదు. రాత్రి నిద్రలో కూడా ఆ స్పీకరు గొంతే వినిపించింది.

తర్వాత తాపీగా ఇంకో ముక్క చెప్పాడు. వ్యాన్లు లేవట, మూడింటికి గానీ రావట. “రోడ్డు మీదికి వెళ్తే ఆటోలు ఉంటాయి, లొకేషన్ షేర్ చేస్తా.” చేసి, మైకు సర్దుకుని, మిగతావాళ్ళను తీసుకుని వెళ్ళిపోయాడు. ఊరు కాని ఊళ్ళో, ఆ ఎండలో, ఒక పెద్దావిడను వదిలేసి వెళ్ళిపోయాడు. అన్నట్టు, ఫస్ట్ ఎయిడ్ కిట్ ఉంటుందని కూడా రాశారు. ఎవరి బ్యాగులో ఉందో మరి.

అమ్మను నడిపించి రోడ్డు చేరేసరికి నా ప్రాణం గొంతులోకి వచ్చింది. అక్కడ కొబ్బరిబొండాలు అమ్మే ఒకావిడ తన స్టూలు అమ్మకిచ్చి, క్యాన్‌లో నీళ్ళు పాదాల మీద పోసింది. బొండాం డబ్బులు కూడా ఒక పట్టాన తీసుకోలేదు. ఆటోలో హోటల్‌కు వచ్చాం. మిగతావాళ్ళు సాయంత్రం భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులూ, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటూ చూసి వచ్చారట. మేం గదిలో బకెట్ ముందు కూర్చున్నాం. లీడర్ దగ్గరి నుంచి రాత్రి మెసేజ్ వచ్చింది, “ఆంటీ ఓకేనా?” అని. బొటనవేలు బొమ్మ కూడా పెట్టాడు, పాపం.

ఆదివారం సంగతి ఇంకా వింత. కంబాలకొండ గేటు దాకా తీసుకెళ్ళి “ఫారెస్ట్ పర్మిషన్ రాలేదు” అన్నారు. నేను దిగి కౌంటర్‌లో అడిగాను. “టికెట్లు ఇక్కడే ఇస్తామమ్మా, మీ వాళ్ళెవరూ అడగలేదే” అన్నాడాయన. మా కళ్ళముందే పిల్లలతో వచ్చినవాళ్ళు టికెట్ కొనుక్కుని చక్కగా లోపలికి పోతున్నారు. దానికి లీడర్ జవాబు, “గ్రూపులకు రూల్స్ వేరు మేడమ్.” వ్యాన్లు అక్కడి నుంచి తిన్నగా ఆర్కే బీచ్‌కు. రైలు టైమ్ దాకా ‘ఫ్రీ టైమ్’. అడవిలో నడక అంటే బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తు తినడమని ఇప్పుడే తెలిసింది.

రైల్లోంచే ఫోన్ చేసి రిఫండ్ అడిగాను. “ప్రకృతి మన చేతుల్లో ఉండదు మేడమ్” అన్నారు. వ్యాన్ ఇంకొకళ్ళకు పంపింది ప్రకృతా? టికెట్ కొననిది ప్రకృతా? గట్టిగా అడిగితే, ఫారంలో ‘ఎవరి ఆరోగ్యానికి వారే బాధ్యులు’ అన్న లైను చదివి వినిపించారు. ఫోన్ పెట్టేసేలోపు నన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. అక్కడున్న షెడ్యూల్, ఫొటోలు అప్పటికే దాచుకున్నాను, ఆ మాత్రం బుద్ధి మిగిలింది. డబ్బు వెళ్ళింది ఏదో వ్యక్తి ఖాతాకు. రసీదు లేదు, జీఎస్టీ నంబరు లేదు.

1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే ఊళ్ళోనే కేసు వేయొచ్చు, విశాఖ పోనక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. పదమూడు వేల కోసం ఇంత అవసరమా అని మా ఆయన అంటున్నారు. అమ్మ చెప్పిన ‘సారీ’ ఆయన వినలేదు కదా.

వెళ్ళాలనుకునేవాళ్ళు ‘ఈజీ’ అంటే ఊరుకోకండి. ఎన్ని కిలోమీటర్లు, ఇసుకా మట్టా మెట్లా, ఎన్ని గంటలకు, మధ్యలో ఆగిపోతే బండి దగ్గర్లో ఉంటుందా, ఇవన్నీ రాతపూర్వకంగా తెప్పించుకోండి. అసలు ఈ చోట్లకు ప్యాకేజీయే అక్కర్లేదు, విశాఖలో ఒక కారు మాట్లాడుకుంటే చాలు. దిబ్బలకు మాత్రం పొద్దున్నే వెళ్ళండి, గోడల అంచులు ఎక్కకండి, ఇసుక విరిగి పడుతుంది.

మాతోపాటు ఆ రెండు వ్యాన్లలో వచ్చినవాళ్ళు ఎవరైనా ఇది చూస్తే నాకు మెసేజ్ పెట్టండి. ముఖ్యంగా దిబ్బల దగ్గర వీడియో తీస్తున్న నీలం టోపీ ఆయన. మైకులో అన్న మాట అందులో పడే ఉంటుంది, అది నాకు కావాలి.