అన్ని విలువలూ ఉండే కెపాసిటర్ కిట్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

"అన్ని విలువలూ ఒకే డబ్బాలో" అని అమ్మే కెపాసిటర్ కిట్లతో జాగ్రత్త, ముఖ్యంగా అందులోని ఎలక్ట్రోలైటిక్‌లతో (ప్లస్, మైనస్ కాళ్లుండే డబ్బా ఆకారపు కెపాసిటర్లు). నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన కిట్‌లో 1000 మైక్రోఫ్యారడ్, 25 వోల్ట్ అని రాసి ఉన్నవి మీటర్‌లో 430 దగ్గర చూపించాయి. ఎలక్ట్రోలైటిక్‌లకి 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. 800 నుంచి 1200 లోపు ఎంత వచ్చినా తప్పు పట్టలేం. 430 వచ్చిందంటే మాత్రం అది పచ్చి మోసం.

ఒకదాని తొడుగుని బ్లేడుతో చీల్చి చూశాను. కింద ఇంకో తొడుగు ఉంది, దాని మీద 470 మైక్రోఫ్యారడ్, 16 వోల్ట్ అని స్పష్టంగా కనిపిస్తోంది. అమ్మినవాళ్లని అడిగితే రిటర్న్ గడువు దాటిపోయిందన్నారు.

ఇది బయటపడేలోపు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆ కెపాసిటర్‌ని పెట్టింది 9 వోల్ట్ ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్లు), 7805 (5 వోల్టులు స్థిరంగా ఇచ్చే రెగ్యులేటర్ ఐసీ)తో చేసిన మామూలు పవర్ సప్లైలో. మైక్రోకంట్రోలర్ ఉన్నట్టుండి రీసెట్ అవుతుంటే కోడ్ మొత్తం తిరగేశాను. లెక్క వేస్తే విషయం అర్థమైంది. బ్రిడ్జి తర్వాత పీక్ సుమారు 11 వోల్టులు. 50 హెర్ట్జ్ సప్లై మీద 200 మిల్లీఆంపులు లాగితే, నిజంగా 1000 ఉన్నప్పుడు రిపుల్, అంటే వోల్టేజ్‌లో వచ్చే ఎగుడుదిగుడు, 2 వోల్టులు. 430 అయితే అది నాలుగున్నర దాటుతుంది. 7805కి ఇన్‌పుట్‌లో కనీసం 7 వోల్టులు కావాలి, రిపుల్ పల్లంలో అవి అందవు. ఇదే కెపాసిటర్‌ని 18 వోల్టుల సర్క్యూట్‌లో పెట్టి ఉంటే? లోపలున్నది 16 వోల్ట్‌ది కాబట్టి వేడెక్కి, ఉబ్బి, పగిలే ప్రమాదం ఉండేది.

అందుకే ఎలక్ట్రోలైటిక్‌లు విడిగానే కొనండి. తయారీదారు పేరు, సిరీస్ పేరు రెండూ ఉండాలి, ఆ సిరీస్ డేటాషీట్ (తయారీదారు ఇచ్చే సాంకేతిక వివరాల పత్రం) దొరకాలి. 85 డిగ్రీల రకం కంటే 105 డిగ్రీలది మేలు.

కొన్నాక టంకం పెట్టే ముందే కొలవండి. వోల్టేజ్ సంగతి మల్టీమీటర్ కెపాసిటెన్స్ రేంజ్‌లో తెలియదు. దానికి 1 కిలోఓమ్ రెసిస్టర్‌ని సిరీస్‌లో పెట్టి, ప్లస్ మైనస్ సరిచూసుకుని, రాసి ఉన్న వోల్టేజ్ ఇచ్చి, రెండు నిమిషాలాగి రెసిస్టర్ మీద ఎన్ని వోల్టులున్నాయో చూడండి. 1000 మైక్రోఫ్యారడ్, 25 వోల్ట్‌దైతే సాధారణంగా పావు వోల్టు లోపు ఉండాలి. అంతకంటే బాగా ఎక్కువుండి, తగ్గకపోతే వాడకండి. కళ్లజోడు పెట్టుకుని, మొహం దూరంగా ఉంచి చేయండి.

సెరామిక్‌ల దగ్గర ఇంత భయం అక్కర్లేదు. ఐసీ పక్కన పెట్టే 104కి, అంటే 100 నానోఫ్యారడ్‌కి, కిట్‌లోవి చాలావరకు సరిపోతాయి. టైమర్లకి, ఫిల్టర్లకి మాత్రం వద్దు. సెరామిక్‌లలో వై5వీ, ఎక్స్7ఆర్, సీ0జీ అని రకాలుంటాయి, కిట్లలో ఏ రకమో సాధారణంగా రాయరు. వై5వీ రకమైతే ఉష్ణోగ్రత మారితేనే విలువ 82 శాతం దాకా పడిపోవచ్చు. ఎక్స్7ఆర్‌లో ఆ మార్పు 15 శాతం లోపే. విలువ కచ్చితంగా నిలవాల్సిన చోట సీ0జీ కానీ, ఫిల్మ్ (ప్లాస్టిక్ పొరతో చేసిన) కెపాసిటర్ కానీ తీసుకోండి.

ఇక మెయిన్స్ (ఇంటి కరెంటు) వైపు లైన్‌కీ న్యూట్రల్‌కీ మధ్య పెట్టే కెపాసిటర్ ఎక్స్2 గుర్తు, సేఫ్టీ సర్టిఫికేషన్ ముద్రలు ఉన్నదై ఉండాలి. అది కిట్‌లోంచి ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకండి. అది షార్ట్ అయితే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.