వెడల్పు పాదానికి స్కీ బూటు: రెండు జతల అనుభవం

స్కీయింగు బూట్ల గురించి విజయవాడ మొగల్రాజపురంలో ఉండే రిటైరయిన బ్యాంకు ఉద్యోగిని సమీక్ష రాయడం కొంత విడ్డూరంగానే ఉంటుంది. అయితే అమెరికాలో పిల్లల దగ్గరకు చలికాలంలో వెళ్ళే మన వయసువారు ఏటేటా పెరుగుతున్నారు, వారిలో కొందరైనా కిటికీ దగ్గర కూర్చుని మంచును చూస్తూ విసిగిపోయి బయటికి అడుగు పెట్టాలనుకుంటారు. అటువంటివారికి నేను పొరపాటున కొన్న మొదటి జత, ఆలోచించి కొన్న రెండో జత ఉపయోగపడవచ్చునని ఇది రాస్తున్నాను.

మా అబ్బాయి కాపురం మిన్నెసోటా రాష్ట్రంలోని మేపుల్ గ్రోవ్‌లో. మన హిందూ దేవాలయం ఉన్న ఊరే అది. అక్కడి ఎల్మ్ క్రీక్ పార్కులో చలికాలమంతా క్రాస్ కంట్రీ స్కీయింగు సాగుతుంది, ఆకాశం కరుణించకపోతే యంత్రాలతో మంచు తయారుచేసి దారి పరుస్తారు, చీకటి పడ్డాక దీపాలు వెలుగుతాయి. ఇది సినిమాల్లో చూపించే కొండ మీది జారుడు కాదు. దాదాపు సమతలంగా ఉండే దారిలో యంత్రం గీసిన రెండు గాళ్ళలో స్కీ పలకలు ఉంచి, చేతికర్రలు ఊతంగా, ఒక కాలితో తోసి రెండో కాలి మీద జారుతూ సాగడం. నడక అలవాటు ఉన్నవారికి త్వరగానే పట్టుబడుతుంది. మొదటి రోజు నేను నాలుగుసార్లు పడ్డాను, నాలుగుసార్లూ మెత్తగానే పడ్డాను.

కొండ స్కీయింగులో బూటు గట్టి పెట్టెలాగా కాలిని మడమతో సహా పలకకు బిగించేస్తుంది. ఇక్కడ బూటు ముందు కొస ఒక్కటే పలకకు తగులుకుని ఉంటుంది, మడమ స్వేచ్ఛగా లేస్తుంది, కాబట్టి ప్రతి అడుగుకూ బూటు వేళ్ళ మొదట్లో వంగాలి. గంటసేపు తిరిగితే ఆ వంపు వేయిసార్లకు పైగా జరుగుతుంది. ఆ వంపు మన పాదం వంగే చోటనే పడాలన్నది ఈ బూట్ల విషయంలో అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, మొదటి జత కొన్నప్పుడు నాకు తెలియని సంగతి కూడా అదే.

మొదటి రోజు అద్దెకు తీసుకున్న బూట్లు పదిమంది కాళ్ళకు అరిగి మెత్తబడినవి కావడంతో ఇబ్బంది పెట్టలేదు. అద్దె జత ఇంత బాగుంటే సొంత జత ఇంకెంత బాగుంటుందోననే ఆశతో ఒక దుకాణానికి వెళ్ళాము. నా సైజు ముప్పై తొమ్మిది. ఆ సైజు తొడిగితే చిటికెన వేలు నలిగింది, నలభై తొడిగినా నలిగింది, నలభై ఒకటి తొడిగితే హాయిగా అనిపించింది. అమ్మేవాడు మరో మాట అడగకుండా బిల్లు వేశాడు, నేను కూడా మన బీసెంటు రోడ్డులో చెప్పులు కొన్నట్టే సరేనన్నాను. ఐరోపా కొలతలో ఒక్కో సైజుకు పొడవు సుమారు 6.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండు సైజులు పెంచితే బొటనవేలి ముందు దాదాపు 13 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది.

ఆ ఖాళీ ఏం చేస్తుందో మూడో కిలోమీటరు దగ్గర తెలిసింది. బూటు వంగవలసిన చోట వంగకుండా ముందుకు జరిగి వంగుతూ, ప్రతి అడుగుకూ బొటనవేలి గోటి మీద మడత నొక్కింది. మడమ లోపల లేచి పడుతూ ఒరుసుకుంది. చలికి భయపడి రెండు జతల నూలు మేజోళ్ళు వేసుకున్నాను, అవి చెమటకు తడిసి, ఆగినప్పుడల్లా మంచుగడ్డల్లా అయ్యాయి. ఇంటికి వచ్చి విప్పితే మడమ మీద రూపాయి బిళ్ళంత పొక్కు. "అత్తయ్యా, రేపటికి విశ్రాంతి తీసుకోండి" అని కోడలు అంటే, రేపటికి కాదు, ఆ సంవత్సరానికే విశ్రాంతి అయింది.

ఆ జతను సూట్‌కేసులో పెట్టుకుని విజయవాడకు తెచ్చాను. గవర్నరుపేటలో మా పాత ఆఫీసు సందులో ముప్పై ఏళ్ళుగా చెప్పులు కుట్టే ఆయన ఉన్నాడు. కొత్త బూటు బిగుతుగా ఉంటే లోపల చెక్క అచ్చు దిగ్గొట్టి ఒకటి రెండు రోజులు ఉంచి వదులు చేసి ఇస్తాడు. ఇది చేతిలోకి తీసుకుని, వేలితో నొక్కి, వంచి, వాసన కూడా చూసి, "ఇది తోలు కాదమ్మా, లాగితే అతుకు ఊడుద్ది" అన్నాడు. తరువాత నన్ను అట్టముక్క మీద నిలబెట్టి, పెన్సిలు నిలువుగా పట్టుకుని పాదం చుట్టూ గీసి, దాని మీద నా బూటు పెట్టి చూపించాడు. పొడవులో బూటు బొటనవేలిని దాటి ముందుకు పోయింది, వెడల్పులో చిటికెన వేలి గీత ఇంకా బయటే ఉంది. "మీకు కావాల్సింది పొడుగు కాదమ్మా, వెడల్పు" అన్నాడు. దుకాణంలో ఎవరూ చెప్పని మాట ఆయన రెండు నిమిషాల్లో చెప్పాడు.

ఆ మాటకు పరిశోధన బలం కూడా ఉంది. చెన్నైలోని కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థ దేశమంతటా లక్షమందికి పైగా పాదాలను కొలిపించి, భారతీయుల పాదాలు ఐరోపావారి పాదాలకంటె వెడల్పుగా ఉంటాయని, ఆ వెడల్పు దొరకక మనం అవసరానికి మించిన పొడవు కొనుక్కుంటున్నామని తేల్చింది. మనకు ప్రత్యేకంగా ‘భా’ అనే కొలత పద్ధతిని ప్రతిపాదించింది కూడా దాని ఆధారంగానే. రోజూ వేసుకునే చెప్పుల్లో ఈ పొరపాటు సర్దుకుపోతుంది, స్కీ బూటులో సర్దుకోదు.

తరువాతి శీతకాలం ఆ అట్టముక్కతోనే వెళ్ళాను. పొడవు 243 మిల్లీమీటర్లు, వేళ్ళ మొదట్లో వెడల్పు 102. మిన్నియాపోలిస్‌లోని మరొక దుకాణంలో ఒక అమ్మాయి అట్టను చూసి నవ్వలేదు, పైగా బూటు లోపల పాదం కింద ఉండే పొరను బయటకు తీసి నేల మీద పరిచి, దాని మీద నన్ను నిలబడమంది. పాదం ఆ పొర అంచులు దాటి పొంగితే ఆ బూటు పక్కన పెట్టెయ్యడమే. ఇంతకంటె సులువైన పరీక్ష ఇంకొకటి నాకు తెలియదు. అలా నాలుగు జతలు దాటాక అల్పీనా టూరింగ్ రకం, సైజు ముప్పై తొమ్మిది, సరిపోయింది. అల్పీనా స్లొవేనియాలోని జిరి పట్టణంలో 1947లో మొదలైన సంస్థ. దాని బూట్ల ముందుభాగం కాస్త విశాలంగా ఉంటుందని చాలామంది అంటారు, నా పాదం కూడా అదే అంది. మడమను గట్టిగా పట్టి ఉంచి, వేళ్ళను మాత్రం కదలనిచ్చింది.

కొనేముందు బూటు ముందు కొస పలక మీది బిగింపుకు సరిపోతుందో లేదో తప్పక చూసుకోవాలి. ఇప్పుడు ఎక్కువగా దొరికేది ఎన్.ఎన్.ఎన్. అనే బిగింపు పద్ధతి, నార్వేకు చెందిన రొటెఫెల్లా సంస్థది. ఆ పేరుకు ఎలుకల బోను అని అర్థం, 1927లో తయారైన వారి మొదటి బిగింపును చూస్తే పేరు ఎందుకు పెట్టారో తెలుస్తుంది. మా అబ్బాయి పాత పలకలు ఎస్.ఎన్.ఎస్. అనే వేరే పద్ధతివి, వాటికి ఈ బూటు ఎక్కదు. పలకలు అద్దెకు తీసుకున్నాను.

మైనస్ 12 డిగ్రీల చలిలో, ఒకే జత పలచని ఉన్ని మేజోళ్ళతో, ఎల్మ్ క్రీక్‌లో ఎనిమిది కిలోమీటర్లు తిరిగాను. రెండు జతలు వేసి బూటును బిగిస్తే రక్తం ఆడక పాదం ఇంకా చల్లబడుతుందని అప్పటికి అర్థమయింది. దారి మధ్యలో ఆగి వేళ్ళు కదిపి చూసుకుంటే అయిదూ కదిలాయి. మడమకు ఏమీ కాలేదు. తిరిగి వచ్చేటప్పుడు గుడికి వెళ్ళి పులిహోర తిన్నాము, ఆ బూట్లు విప్పడానికి నాకు తొందర కలగలేదు.

ఈ రకం బూటు మెత్తనిది, కాబట్టి గాళ్ళు లేని చదును దారిలో ఐసు స్కేటింగులా కాళ్ళు పక్కలకు తోస్తూ వేగంగా వెళ్ళే పద్ధతికి పనికిరాదు. దానికి అడుగు బిరుసుగా, చీలమండను పట్టి ఉంచే బూటు వేరే ఉంటుంది. నా వయసుకు, నా వేగానికి ఆ లోటు లోటు కాదు. నూట ముప్పై డాలర్లు పెట్టాను, అద్దెతో పోలిస్తే రెండు శీతకాలాల్లో తీరిపోయే ఖర్చు.

రెండో జతను విజయవాడకు తేలేదు. లోపల కాగితం ఉండలు కుక్కి, హీటరుకు దూరంగా, మేపుల్ గ్రోవ్‌లోనే కోడలు అరలో పెట్టింది. మొదటి జత మన కృష్ణ ఒడ్డు ఉక్కకు తట్టుకోలేక శ్రావణమాసానికి బూజు పట్టింది, ఆ మరుసటి ఏడు అడుగుభాగం అటుకుల్లా రాలడం మొదలయింది. తాళ్ళు మాత్రం గట్టివి. వాటితో డాబా మీది మల్లెతీగను పందిరికి కట్టాను.