సిమిలర్, సేమ్, అలైక్, లైక్: పోలిక చెప్పడానికి ఏది మేలు?

హన్మకొండలో డిగ్రీ పిల్లలైనా, గ్రూప్స్‌కు చదివేవాళ్లైనా ఇంగ్లీష్‌లో పోలిక చెప్పాలంటే ముందు సిమిలర్‌నే పట్టుకుంటారు, పట్టుకుని దాని వెనక 'విత్' తగిలిస్తారు. మనం 'దానితో పోలిస్తే' అంటాం కాబట్టి ఆ 'తో' అక్కడికీ వచ్చేస్తుంది. రావాల్సింది 'టు'. రెండింటినీ విడివిడిగా కాకుండా, 'సిమిలర్ టు' అని ఒకే మాటగా నోటికి రానివ్వండి.

అసలు గందరగోళం సిమిలర్‌కూ సేమ్‌కూ మధ్యనే. మన గుళ్లే చూడండి. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి, 1213 నాటి రామప్ప, రెండూ కాకతీయుల కాలానివే, ఎత్తైన పీఠం, నున్నగా చెక్కిన స్తంభాలు, ఎదురుగా నంది, చూడగానే ఒకే బాణీ అని తెలుస్తుంది. కానీ వేయిస్తంభాల గుడి త్రికూటం, శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి వేర్వేరు గర్భగుళ్లు ఉంటాయి, రామప్పలో శివుడికి ఒక్కటే. అందుకే 'రామప్ప ఈజ్ ద సేమ్ యాజ్ ద థౌజండ్ పిల్లర్ టెంపుల్' అంటే గ్రామర్ సరిగ్గానే ఉన్నా మాట తప్పు. 'ఈజ్ సిమిలర్ టు' అనాలి. ఏ తేడా లేనప్పుడే సేమ్, దానికి ముందు 'ద', వెనక 'యాజ్' ఉండాలి. 'సేమ్ టు సేమ్' దోస్తుల దగ్గర నడుస్తుంది, ఇంటర్వ్యూలో మాత్రం వద్దు.

అలైక్ పని తక్కువ, కానీ చోటు దొరికితే అందంగా ఉంటుంది. ఖిలా వరంగల్‌లో నాలుగు దిక్కులా కీర్తి తోరణాలు ఉన్నాయి కదా, 'ద ఫోర్ తోరణాస్ లుక్ అలైక్' అని ఆపేయొచ్చు. పోల్చేవన్నీ ముందే చెప్పేశాం కాబట్టి వెనక ఇంకేం అక్కర్లేదు. 'అలైక్ తోరణాస్' అని మాత్రం అనకూడదు, నామవాచకం ముందు పెట్టాలంటే మళ్లీ సిమిలరే.

మాట్లాడేటప్పుడు నా ఓటు లైక్‌కే. మన దగ్గర 'వాడు వాళ్ల నాయిన లెక్క ఉంటడు' అంటాం, ఆ 'లెక్క' చేసే పనే లైక్ చేస్తుంది: 'హీ లుక్స్ లైక్ హిజ్ ఫాదర్'. మధ్యలో టు లేదు, విత్ లేదు, టెన్షన్ లేదు. పరీక్ష పేపర్లో, ఆఫీస్ మెయిల్లో అయితే సిమిలర్ టు ఎక్కువ నప్పుతుంది.

రెజెంబుల్ కూడా ఉంది గానీ రాతలోనే ఎక్కువ, దాని వెనక కూడా టు పెట్టకండి, 'ఈజ్ రెజెంబ్లింగ్' అని సాగదీయకండి, 'షీ రెజెంబుల్స్ హర్ మదర్' చాలు.