‘రిజాల్వ్ స్టూడియో వేసే ఇస్తాం’ అంటూ అమ్మే ఎడిటింగ్ పీసీలతో జాగ్రత్త

పెళ్లిళ్ల సీజన్ ముందు ఎడిటింగ్ సిస్టమ్ కొనబోయేవాళ్లు ఇది చదివాకే అడ్వాన్స్ కట్టండి. "డావిన్చీ రిజాల్వ్ స్టూడియో, లైఫ్‌టైమ్ లైసెన్స్, ఫోర్‌కే ఎడిటింగ్ రెడీ" అని కొటేషన్‌లో ఒక లైను పెట్టి, దానికో నాలుగైదు వేలు కలిపి పీసీ అంటగడుతున్నారు. రిజాల్వ్ అంటే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. దానికి ఫ్రీ వెర్షన్ ఒకటి, డబ్బు కట్టి కొనే ‘స్టూడియో’ వెర్షన్ ఒకటి ఉన్నాయి. ఇంటికొచ్చాక నాయిస్ రిడక్షన్ పెట్టబోతే పని చేయదు. కెమెరా క్లిప్ టైమ్‌లైన్ మీద వేస్తే సౌండ్ వస్తుంది, బొమ్మ రాదు. షాపుకి ఫోన్ చేస్తే "సాఫ్ట్‌వేర్‌లో బగ్ సార్, అప్‌డేట్ వస్తే సెట్ అయిపోతుంది" అంటారు.

అది బగ్ కాదు. దాదాపు ఎప్పుడూ మూడింట్లో ఒకటే కారణం: వేసింది ఫ్రీ వెర్షన్, లేదా లైసెన్స్ దొంగది, లేదా ఆ హార్డ్‌వేర్‌కే ఆ సత్తా లేదు. మూడోది చాలామందికి తెలియదు, ఎక్కువ డబ్బు పోయేదీ అక్కడే.

ముందు మొదటిది తేల్చుకోండి, రెండు నిమిషాల పని. ఫ్రీ, స్టూడియో రెండూ వేర్వేరు ఇన్‌స్టాలర్లు. మెనూలో ‘అబౌట్’ తెరిస్తే పేరు పక్కన ‘స్టూడియో’ అని ఉండాలి. అక్కడితో ఆగకండి. ఏదైనా క్లిప్ మీద ‘ఫేస్ రిఫైన్‌మెంట్’ ఎఫెక్ట్ లాగి వదలండి. ఫ్రీ వెర్షన్ అయితే పెళ్లికూతురి మొహం మీద అడ్డంగా వాటర్‌మార్క్ పడుతుంది. ఇంకో గుర్తు కూడా ఉంది. అసలు స్టూడియోకి లైసెన్స్ పోతే అది తెరుచుకునేటప్పుడే యాక్టివేషన్ కీ అడుగుతుంది తప్ప, తనంతట తాను ఫ్రీ వెర్షన్‌గా మారిపోదు. కాబట్టి "లైసెన్స్ ఎక్స్‌పైర్ అయి ఫ్రీలోకి వెళ్లింది" అని ఎవరైనా చెబితే అది కట్టుకథ.

ఇక లైసెన్స్. రిజాల్వ్ తయారుచేసే కంపెనీ బ్లాక్‌మ్యాజిక్ డిజైన్. స్టూడియో వెర్షన్‌కి అది పెట్టిన ధర 295 డాలర్లు. ఒకసారి కడితే చాలు, ఇప్పటిదాకా పెద్ద వెర్షన్లు మారినా పాతవాళ్ల దగ్గర మళ్లీ వసూలు చేయలేదు. అలాంటిది నాలుగు వేలకు వస్తోందంటే రెండే దారులు. ఒకటి, ఒకే కీని పదిమందికి అమ్మడం. ఒక కీ ఒకేసారి 2 కంప్యూటర్లలోనే నడుస్తుంది. మూడోవాడు యాక్టివేట్ చేసుకుంటే ముందువాళ్లది ఊడిపోతుంది. మీరు మళ్లీ వేసుకుంటే అవతలివాళ్లది ఊడుతుంది. ఆల్బమ్ డెలివరీ రేపనగా రాత్రి పదకొండింటికి కీ అడుగుతూ నిలబడుతుంది.

రెండోది క్రాక్, అంటే ప్రోగ్రామ్ ఫైల్ మార్చి లైసెన్స్ అడగకుండా చేసిన దొంగ కాపీ. దీన్ని పట్టుకోవడం తేలిక. విండోస్ సెక్యూరిటీలో ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’, అందులో ‘మేనేజ్ సెట్టింగ్స్’, చివర్లో ‘ఎక్స్‌క్లూజన్స్’ తెరవండి. కొత్త పీసీలో అక్కడ ఖాళీగా ఉండాలి. రిజాల్వ్ ఫోల్డరో, ఏకంగా సీ డ్రైవో కనిపిస్తే, ఎవరో యాంటీవైరస్‌కి కళ్లగంతలు కట్టి ఫైల్ మార్చారని అర్థం. "నెట్ ఆపేసి వాడండి, అప్‌డేట్ అడిగితే నో కొట్టండి" అని చెప్పి పంపారా, ఇంకేం అడగక్కర్లేదు. అలాంటి సిస్టమ్‌లో బ్యాంకు లాగిన్లు మాత్రం పెట్టుకోకండి.

క్రాక్ తీసి అసలుది వేసుకునేవాళ్లు ఒక్క విషయం మరచిపోవద్దు. ముందు ప్రాజెక్ట్ మేనేజర్‌లో ఒక్కో ప్రాజెక్ట్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఎక్స్‌పోర్ట్ ప్రాజెక్ట్’తో డీఆర్‌పీ ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి తీసుకోండి. ఇందులో ఎడిట్ మాత్రమే ఉంటుంది, ఫుటేజ్ ఉండదు. కొత్త వెర్షన్‌లో తెరిచి సేవ్ చేసిన ప్రాజెక్ట్ పాత వెర్షన్‌లో తెరుచుకోదు. అంటే 19లో ఉన్నది 20లోకి ఎక్కించాక, ముందు తీసి పెట్టుకున్న ఆ డీఆర్‌పీ తప్ప వెనక్కి దారి లేదు.

ఇప్పుడు అసలు దెబ్బ, హార్డ్‌వేర్. మీ కెమెరా ఏం రాస్తోందో ముందు చూడండి. ‘మీడియాఇన్ఫో’ అనే చిన్న ఫ్రీ టూల్‌లో క్లిప్ పడేస్తే మూడు లైన్లు చాలు: ఫార్మాట్ ‘ఏవీసీ’ అంటే హెచ్.264, ‘హెచ్ఈవీసీ’ అంటే హెచ్.265. బిట్ డెప్త్ 8 లేదా 10. క్రోమా సబ్‌శాంప్లింగ్, అంటే రంగుల సమాచారం ఎంత ఉంచుతోందో చెప్పేది, 4:2:0 లేదా 4:2:2. ఇప్పుడు పెళ్లిళ్లకు వాడే సోనీ ఏ7 ఫోర్ లాంటి బాడీల్లో ఎస్‌లాగ్ (తర్వాత కలర్ సరిచేసుకోవడానికి వీలుగా చప్పటి రంగులతో తీసే మోడ్) పెట్టి తీసేవాళ్లలో చాలామంది పెట్టుకునేది 4:2:2 10 బిట్టే. విండోస్‌లో ఫ్రీ వెర్షన్‌తో సౌండ్ మాత్రమే వచ్చే క్లిప్పులు సాధారణంగా ఇవే.

స్టూడియో అసలుదే ఉన్నా ఈ ఫైల్ సాఫీగా నడవాలంటే చిప్ దాన్ని డీకోడ్ చేయగలగాలి, అంటే కుదించిన వీడియోని విప్పగలగాలి. షాపువాళ్లు చెప్పే మాట "ఆర్‌టీఎక్స్ 4060 వేశాం కదా సార్". అది ఎన్విడియా 40 సిరీస్ గ్రాఫిక్స్ కార్డు. ఎన్విడియా 30, 40 సిరీస్ కార్డులకు 4:2:2 డీకోడ్ లేదు, అది 50 సిరీస్‌తోనే వచ్చింది. అప్పటిదాకా ఆ పని చేసి పెట్టింది ఇంటెల్ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్, అంటే క్విక్ సింక్. డెస్క్‌టాప్‌లో 11వ తరం నుంచి హెచ్.265 4:2:2 10 బిట్ దానికి వచ్చు. మరి షాపులో కొన్ని వందలో, వెయ్యో రెండు వేలో మిగులుతాయని ఏది అంటగడతారు? ఐ5-12400ఎఫ్. ఆ చివరి ‘ఎఫ్’ అక్షరానికి అర్థం లోపల గ్రాఫిక్స్ లేదనే. గేమ్స్ ఆడేవాళ్లకు దాంతో నష్టం లేదు, మనకు మాత్రం కావలసిన ముక్కే పోయింది.

ప్రాసెసర్‌కి ‘ఎఫ్’ లేకపోయినా క్లిప్ ఆగి ఆగి ఆడుతోందంటే కంగారు వద్దు. గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే కొన్ని మదర్‌బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి. బయోస్‌లోకి (పీసీ ఆన్ అవుతుండగా తెరిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్) వెళ్లి ‘ఇంటర్నల్ గ్రాఫిక్స్’ లేదా ‘ఐజీపీయూ మల్టీ మానిటర్’ అన్నదాన్ని ఎనేబుల్ చేసి, విండోస్‌లో ఇంటెల్ డ్రైవర్ వేయండి. తర్వాత రిజాల్వ్ ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్ కింద ‘డీకోడ్ ఆప్షన్స్’లో ఇంటెల్ క్విక్ సింక్‌కి టిక్ పెట్టి, రిజాల్వ్ మూసి తెరవండి. ఆ లైనే కనబడకపోతే బయోస్ మార్పు పట్టలేదనో, ఇంటెల్ డ్రైవర్ సరిగ్గా పడలేదనో అన్నమాట.

ఇంకో మెలిక ఉంది. సోనీలో ‘ఎక్స్ఏవీసీ హెచ్ఎస్’ అంటే హెచ్.265, ‘ఎక్స్ఏవీసీ ఎస్’ అంటే హెచ్.264. 4:2:2లో ఈ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల క్విక్ సింక్ సాయం మొదటిదానికే. రెండోది తీస్తే, ఎన్విడియా 50 సిరీస్ కార్డు లేని సిస్టమ్‌లో భారమంతా ప్రాసెసర్ కోర్ల మీదే పడుతుంది, ఎన్ని టిక్కులు పెట్టినా.

హార్డ్‌వేర్ మార్చే స్తోమత ఇప్పుడు లేకపోతే ‘షట్టర్ ఎన్‌కోడర్’ అనే సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పుల్ని డీఎన్ఎక్స్హెచ్ఆర్ హెచ్‌క్యూఎక్స్ అనే, ఎడిటింగ్‌కి తేలికగా నడిచే ఫార్మాట్‌లోకి మార్చుకోవచ్చు, అది ఉచితమే. డిస్క్ మాత్రం చూసుకోండి. 140 ఎంబీపీఎస్‌తో తీసిన గంట ఫుటేజ్ 63 జీబీ ఉంటే, మార్చాక ఫోర్‌కే 25 ఫ్రేముల దగ్గర 300 జీబీ దాటుతుంది. ముహూర్తం నుంచి అప్పగింతల దాకా మూడు కెమెరాల ఫుటేజ్ అంటే లెక్క మీరే వేసుకోండి.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, మీ ఊరి షాపులో కొన్నా, డబ్బు కట్టేముందు మీ కెమెరాతో తీసిన అర నిమిషం క్లిప్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. వాళ్ల డెమో క్లిప్ వద్దు, అది 8 బిట్ 4:2:0 అయి ఉంటుంది, ఏ డబ్బాలోనైనా పరిగెడుతుంది. మీ క్లిప్‌నే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, టైమ్‌లైన్ మీద రెండుసార్లు పక్కపక్కన వేసి ప్లే చేయించండి. వ్యూయర్ పైన ఎఫ్‌పీఎస్ అంకె మీ ఫ్రేమ్ రేటు దగ్గరే నిలబడాలి. టాస్క్ మేనేజర్‌లో ‘వీడియో డీకోడ్’ గ్రాఫ్ కదలాలి. పైన చెప్పిన బయోస్, డీకోడ్ సెట్టింగ్స్ సరిచేయించాక కూడా అది సున్నా దగ్గరే ఉండి సీపీయూ వందకు చేరితే ఆ సిస్టమ్ మీకు పనికిరాదు.

బిల్లులో ‘ఐ5 12వ జనరేషన్’ అని కాకుండా ప్రాసెసర్ పూర్తి మోడల్, చివరి అక్షరంతో సహా రాయించండి. సాఫ్ట్‌వేర్‌కి వేరే లైను, వేరే ధర ఉండాలి. కీ కార్డు మీ చేతికి రావాలి, వాట్సాప్‌లో ఫోటో కాదు. సెకండ్ హ్యాండ్ బ్లాక్‌మ్యాజిక్ కెమెరా డబ్బాలో రిజాల్వ్ కీ ఉందని చెబితే, మీ ఎదురుగా యాక్టివేట్ అయ్యాకే దానికి విలువ కట్టండి.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు ఏదీ డిలీట్ చేయకుండా ముందు కొటేషన్, ‘అబౌట్’ స్క్రీన్, ఎక్స్‌క్లూజన్స్ జాబితా ఫోటోలు తీసి పెట్టుకోండి. వాటితో షాపుకు రాతపూర్వకంగా అడిగి, స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. సాఫ్ట్‌వేర్ లైను బిల్లులో లేకపోయినా కొటేషన్‌లో ఉంటే అది చూపించండి.