నీళ్ల ఆయిల్ రంగులు: కడగడానికి హాయి, నల్లటి చెంప దగ్గరే పేచీ

నీళ్లతో కలిసే ఆయిల్ రంగుల గురించి ఎవరు చెప్పినా ఒకటే పాట: రంగు పల్చన చేసే టర్పెంటైన్ అక్కర్లేదు, వాసన లేదు, కుళాయి కింద బ్రష్షు కడిగేసుకోవచ్చు. అదంతా నిజమే. ఏ కంపెనీ ట్యూబు 37 మిల్లీలీటర్లు, ఏది 40, ఎన్ని షేడ్లు ఉన్నాయి లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను. చిక్కల్లా ఏమిటంటే, ఈ రంగులు చూపించడానికి వేసే ముఖాలు దాదాపు అన్నీ గులాబీ రంగువి. నా పని వేరు. కచేరీలు చేసేవాళ్లు, ఆటగాళ్లు, ఊళ్లు తిరిగేటప్పుడు పరిచయమైనవాళ్లు ఎదురుగా కూర్చుంటే వేసే చిన్న బోర్డులు, ఎక్కువగా 8×10 అంగుళాలవి. ముఖాలు చామనఛాయవి, నలుపువి. ఆ పనిలో చాలాకాలంగా వాడాక నాకు తేలింది ఇది: ఈ రంగులకి నీళ్లు బ్రష్షు కడగడానికి బ్రహ్మాండం, రంగులో కలపడానికి మాత్రం పనికిరావు.

ముందు మంచి చెప్పుకోవాలి, ఎందుకంటే అది చిన్నదేమీ కాదు. సంగీతం వాళ్లు సాధన చేసుకునే గది సాధారణంగా మూసేసి ఉంటుంది. బయటి చప్పుడు రాకూడదని కిటికీలు వేసుకుంటారు, లోపల ఏసీ తిరుగుతుంటుంది. అక్కడ టర్పెంటైన్ డబ్బా మూత తీస్తే గాయకుడికి గొంతు పట్టేస్తుంది. నాదస్వరం, వేణువు వాయించేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఊపిరి నిండా పీల్చుకోవడమే వాళ్ల పని. వాసన లేని థిన్నర్ వాడొచ్చుగా అంటారు. వాసన తెలియదంతే, ఆవిరి ఉంటుంది. ఈ ఒక్క కారణానికే నీళ్ల ఆయిల్ రంగులకి దణ్ణం పెట్టొచ్చు. అవిసె నూనె వాసన లీలగా వస్తుంది, అది ఎవరినీ ఇబ్బంది పెట్టదు.

ప్రయాణాల్లో ఇంకా సుఖం. టర్పెంటైన్ ఆవిరి దాదాపు 35 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అంటుకోగలదు. మే నెలలో విజయవాడలో అది గది వేడి. విమానంలోకి ఎలాగూ రానివ్వరు, రైల్లోనూ మండే ద్రవాలు నిషేధం. ట్యూబుల్లోని రంగు అలాంటిది కాదు, అవిసె నూనె అంటుకోవాలంటే 200 డిగ్రీలు దాటాలి. అయినా ట్యూబుల్ని చెక్‌ఇన్ బ్యాగులోనే వేసి, కంపెనీ ఇచ్చే సేఫ్టీ షీటు ప్రింటు తీసి పైన పెట్టుకోండి. అడిగితే ‘పెయింట్’ అనకండి, ఆ మాట వినగానే వాళ్లకి గోడలకేసే ఎనామెల్ గుర్తొస్తుంది. నూనెతో నూరిన ఆర్టిస్ట్ కలర్స్ అంటే సరిపోతుంది.

ఇక పేచీ.

ఒక మృదంగ విద్వాంసుడి ముఖం అనుకోండి. కుడివైపు కిటికీ వెలుగు, ఎడమ చెంప పూర్తిగా నీడలో. నలుపు ఛాయ. నీడ చెంపకి బర్న్ట్ సియెనా (ఎర్రటి గోధుమ) రెండు పాళ్లు, అల్ట్రామెరైన్ (ముదురు నీలం) ఒక పాలు, అలిజరిన్ (ముదురు ఎరుపు) పిసరంత. తెలుపు అసలు తగలకూడదు. ఇందులో డబ్బా మీద రాసినట్టే నాలుగు చుక్కల నీళ్లు కలిపితే రంగు వెంటనే పాలిపోతుంది, పల్చటి మజ్జిగ కలిపినట్టు ఉంటుంది. కారణం సులువే. నీళ్లు నూనెలో కరగవు, సన్నని తుంపరలుగా చెదిరి నిలబడతాయి, ఆ తుంపరలు వెలుగుని చెదరగొడతాయి. అప్పుడు మనకి కనిపించేది ఆ రంగు నిజమైన ముదురుతనం కాదు. కళ్లముందు చెంప ఎంత ముదురుగా ఉందో అంతకి సరిపోయేలా కలిపి వేస్తాం. గంటలో నీళ్లు ఆవిరైపోతాయి, చెంప ఒక మెట్టు నల్లబడుతుంది. చెంపకీ మెడకీ మధ్య కష్టపడి నిలబెట్టిన తేడా పోయి రెండూ ఒకే నల్ల ముద్దవుతాయి.

గులాబీ ముఖాల మీద ఈ తేడా తెలియదు. అక్కడ రంగులో సగం తెలుపే ఉంటుంది, తెలుపు కలిసిన రంగు ఆరాక పెద్దగా మారదు. మన ముఖాల్లో సగం భాగం తెలుపు లేని రంగులతోనే నడుస్తుంది, అందుకే దెబ్బంతా మనకే.

అక్కడితో అయిపోతే సర్దుకోవచ్చు, మొదటినుంచీ ఒక మెట్టు లేతగా కలుపుకుంటే చాలు. కానీ రెండు మూడు వారాలకి రెండో మార్పు మొదలవుతుంది, అదీ ఎదురు దిశలో. నీళ్లు కలిపిన పొరలో రంగుపొడిని పట్టి ఉంచే నూనె పల్చబడి ఉంటుంది. కింద బోర్డు మీది జెస్సో, అంటే ముందుగా వేసే తెల్లటి పూత, ఆ ఉన్న నూనెని కూడా పీల్చేస్తుంది. నీడ చెంపలో మెరుపు పోయి, బూడిద రంగుకి తిరిగిన మచ్చలు పడతాయి. పక్కనే తెలుపు ఎక్కువున్న నుదురు మాత్రం తళతళలాడుతూ ఉంటుంది. అన్నిటికన్నా ముందు ఇలా నూనె ఇంకిపోయేది బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు. అది ఆరడంలోనూ ముందే, మాసిపోవడంలోనూ ముందే. మృదంగం కుడి మూతి మీద ఉండే నల్లటి గుండ్రని పూతకి ఐవరీ బ్లాక్‌లో నీళ్లు కలిపి వేస్తే ఆరాక పలక రంగులో తేలుతుంది. ఆ పూత అసలు ముదురు నలుపు, లోపల సన్నని నిగారింపు ఉంటుంది.

వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి (1893–1964) పాత ఫొటోలు చూసి ముఖం వేసేవాళ్లకి ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఆయన నల్ల కళ్లద్దాలు మెరవాలి, పక్కన నీడలో ఉన్న కణత మెరవకూడదు. రెండూ ముదురే. రెండూ ఒకేలా ఇంకిపోతే అద్దాలు ముఖానికి అంటించిన కాగితం ముక్కల్లా ఉంటాయి.

నీళ్లు కలపకపోయినా నీళ్లు వచ్చి పడే దారి ఒకటుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. బ్రష్షు కడిగి గుడ్డతో తుడుస్తాం, కుచ్చు పొడిగానే ఉంటుంది. కానీ కుచ్చుని పట్టి ఉంచే లోహపు గొట్టం లోపల నీళ్లు నిలిచి ఉంటాయి. నాలుగైదు గీతలు లాగాక ఆ నీళ్లు మెల్లగా దిగి, సరిగ్గా చెంప అంచు దగ్గర తెల్లటి చారలా బయటపడతాయి. అందుకని కడిగిన బ్రష్షుని కుచ్చు కిందికి వచ్చేలా పట్టుకుని రెండుసార్లు గట్టిగా విదిలించి, గొట్టం మొదలు దగ్గర టిష్యూ చుట్టి నొక్కాలి. ఇంతకన్నా మంచి పద్ధతి, కూర్చున్నంతసేపూ కడగకపోవడమే. నీడకి రెండు, వెలుగుకి రెండు, మధ్య రంగులకి రెండు బ్రష్షులు విడిగా పెట్టుకుని, గుడ్డతో తుడుచుకుంటూ పని నడిపించి, నీళ్లు చివర్లో ముట్టుకోండి. సింథటిక్ కుచ్చులే తీసుకోండి. పంది వెంట్రుకల బ్రష్షులు నీళ్లలో నాని మెత్తబడి బిగువు పోగొట్టుకుంటాయి.

మరి పల్చగా వేయాల్సిన మొదటి పొర సంగతేంటి? అక్రిలిక్‌తో వేయండి. బర్న్ట్ సియెనా అక్రిలిక్ నీళ్లలో పల్చగా కలిపి ముఖం ఆకారం, నీడల గుంపులు వేసుకుంటే పావుగంట, ఇరవై నిమిషాల్లో ఆరుతుంది. దాని మీద ఆయిల్ వేయొచ్చు. ఆయిల్ మీద అక్రిలిక్ మాత్రం వేయకూడదు, పట్టు దొరక్క ఊడొస్తుంది. రెండో పని బోర్డు చూసుకోవడం. మన దగ్గర రెడీమేడ్‌గా దొరికే బోర్డుల్లో చాలావాటి పూత సుద్దలా పొడిగా ఉంటుంది. ఒక నీటిచుక్క వేసి చూడండి, నిలవకుండా గబుక్కున పీల్చేస్తే నూనెనీ అలాగే పీలుస్తుంది. దానికి అక్రిలిక్ మ్యాట్ మీడియం (రంగు, మెరుపు లేని పూత) ఒక పల్చటి చేయి పూసి ఒకరోజు ఆరనివ్వండి. మరీ నున్నగా గాజులా చేయొద్దు, రంగు జారుతుంది.

రంగు కదలకపోతే నీళ్లు కాకుండా ఇదే రకం రంగులకోసం అమ్మే అవిసె నూనె మీడియం వాడండి. బాదంగింజంత రంగుకి ఒక చుక్క, ముదురు రంగులకైతే రెండు. అంతకు మించితే రోజులకొద్దీ జిగటగా ఉండిపోతుంది, పైగా పసుపు తిరుగుతుంది. మామూలు ఆయిల్ ట్యూబులు ఇంట్లో మిగిలి ఉంటే వాటినీ కలపొచ్చు, కాకపోతే పావు వంతు దాటకుండా చూసుకోండి. దాటేకొద్దీ నీళ్లతో కడిగే గుణం తగ్గిపోతుంది.

ఇప్పటికే ఇంకిపోయిన చెంప ఉంటే పారేయక్కర్లేదు. రంగు ముట్టుకుంటే అంటనంత ఆరాక, నూలు ఊడని గుడ్డకి రెండు చుక్కల అవిసె నూనె అద్ది ఆ మచ్చ మీద మాత్రమే రుద్దాలి. పది నిమిషాలయ్యాక పొడి గుడ్డతో, గుడ్డకి ఇక నూనె అంటనంతవరకు తుడిచేయాలి. నూనె తడి మిగిలితే అక్కడే దుమ్ము పట్టుకుంటుంది. అప్పుడు అసలు రంగు కనబడుతుంది, సరిదిద్దాల్సింది ఆ తడి మీదే సరిదిద్దుకోవచ్చు. ఇంకిన రంగుని చూసి దానికి సరిపోయేలా కొత్త రంగు కలిపితే మాత్రం వార్నిష్ వేసిన రోజున రెండూ విడిపోయి అతుకులు కనిపిస్తాయి. ఆ వార్నిష్ కూడా ఆరునెలలు ఆగాకే, రంగు దట్టంగా ఉంటే ఏడాది.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. ఈ రంగులు కలుపుకునే పలక మీద మామూలు ఆయిల్ కన్నా త్వరగా బిగుసుకుంటాయి, బ్రష్షు కింద సాగవు, కొంచెం లాగుతాయి. సంగీతం వాళ్ల పట్టుబట్టలు, మెత్తని బుగ్గలు వేసేటప్పుడు చిరాకు తెప్పించే ఈ గుణమే ఆటగాళ్ల దగ్గర కలిసొచ్చింది, నేను అస్సలు అనుకోలేదు. వెయిట్‌లిఫ్టర్ల చేతులకి పూసుకునే తెల్లటి పొడి, అదే మెగ్నీషియం కార్బొనేట్, వేయడం తెలుసు కదా ఎంత కష్టమో. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో కంచు పతకం గెలిచినప్పటి ఫొటోలు చూసి వేయబోయినా అదే ఇబ్బంది. మామూలు ఆయిల్ తడి మీద తడి పడితే ఆ తెలుపు అరచేతి రంగులో కలిసిపోయి గులాబీ పేస్టవుతుంది. ఈ రంగుల్లో అరచేయి వేసి అరగంట వదిలేస్తే పైన జిగురు పట్టు వస్తుంది. అప్పుడు టైటానియం వైట్‌లో అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెనా పిసరు కలిపి, బ్రష్షుని గుడ్డ మీద దాదాపు పొడిగా తుడిచి, పక్కకి పడుకోబెట్టి ఒక్కసారి ఈడ్చాలి. బోర్డు గరుకు మీద ఎత్తైన చోట్లే తెలుపు అంటుకుంటుంది, చేతిగీతల్లో అడుగు రంగు అలాగే ఉంటుంది. పొడి అచ్చం పొడిలాగే వస్తుంది. రెండోసారి ఈడ్చారా, పోయింది.

నుదుటి చెమటకీ ఇదే వరస, కాకపోతే అక్కడ రంగు దట్టంగా, ఒక్క చుక్కగా పెట్టాలి. నలుపు ఛాయ మీద చెమట మెరుపు తెల్లగా ఉండదు, నీలం వైపు మొగ్గుతుంది. పసుపు కలిపితే నూనె రాసినట్టవుతుంది.

వాతావరణం లెక్క కూడా ఉంది. హైదరాబాద్ ఎండల్లో ఫ్యాను కింద పలక మీది రంగు చూస్తుండగానే బిగుస్తుంది, అప్పుడు నీళ్లు చిలకరిస్తే పలుకులు పలుకులుగా విరుగుతుంది. మీడియం చుక్కే దారి. విశాఖ, కాకినాడ వానల్లో దీనికి తలకిందులు. గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి పొరపాటున చేరిన నీళ్లు గంటలు గడిచినా పోవు, ఆ పాలిపోయిన రంగుని నమ్మి పక్క రంగు కలపలేం. ఫెర్రీ దిగేలోపు, బస్సు వచ్చేలోపు వేసి ముగించాల్సిన ముఖాలకి అది నిజంగా దెబ్బ.

పైన కడగడం హాయి అన్నాను. ముందు గుడ్డతో రంగంతా తుడిచి, తర్వాత సబ్బుతో, రెండు విడతలుగా కడిగితేనే హాయి. నేరుగా కుళాయి కింద పెడితే కుచ్చు మొదట్లో రంగు గట్టిపడి నాలుగు నెలల్లో బ్రష్షు విచ్చుకుంటుంది. కాడ్మియం, కోబాల్ట్ ఉన్న రంగుల్ని సింకులోకి వదలకండి. ఇంకో అపాయం ఉంది. నీళ్ల రంగులే కదా అని రంగు తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తారు. ఇందులో ఉన్నది ఆరే నూనే, ఆరుతూ వేడి పుట్టిస్తుంది. ఉండలోపల ఆ వేడి బయటికి పోయే దారిలేక గుడ్డ దానంతటదే అంటుకోగలదు. పరచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి పెట్టండి. లాడ్జి గదిలో చెత్తబుట్టలో అస్సలు వేయొద్దు.

కొనమంటారా అంటే, మీరు ఎక్కడ కూర్చుని వేస్తారన్న దాన్ని బట్టి. మూసిన గదుల్లో, ఎదుటివాళ్ల ఇళ్లల్లో, ప్రయాణాల్లో, చిన్న బోర్డుల మీద అయితే నేను ఇవే తీసుకెళ్తున్నాను, మానే ఉద్దేశం లేదు. కిటికీలు తెరుచుకునే స్టూడియో ఉండి, నీడలే ప్రాణమైన పెద్ద ముఖాలు వేసేవాళ్లకి మామూలు ఆయిలే మేలనిపిస్తుంది. ఆర్డరు మీద చేసే నిలువెత్తు పనులు నేనూ ఇంకా దాంతోనే చేస్తున్నాను. ప్రయత్నించి చూడాలనుకుంటే సెట్టు కొనకండి, అందులో సగం ట్యూబులు ముఖాలకి పనికిరావు. టైటానియం వైట్ పెద్దది, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెనా, అలిజరిన్, అల్ట్రామెరైన్ విడిగా తీసుకోండి, దాంతోపాటు మీడియం చిన్న సీసా. బర్న్ట్ అంబర్ జోలికి వెళ్లకండి.