ధ్రువుడు కనపడని డాబా మీద పోలార్ అలైన్‌మెంట్: కొన్నేళ్లు వాడాక

టెలిస్కోప్‌ని మోసి తిప్పే మౌంట్ ఇరుసుని, ఆకాశం ఏ బిందువు చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుందో ఆ ధ్రువానికి గురిపెట్టడమే పోలార్ అలైన్‌మెంట్. అది నేర్పే వీడియోలు దాదాపు అన్నీ యూరప్, అమెరికా వాళ్లవే. అక్కడ ధ్రువ నక్షత్రం హాయిగా కప్పుల మీద ఎత్తున కనిపిస్తుంది. మనకలా కాదు. ఊరి అక్షాంశం ఎంతో ధ్రువం అంతే ఎత్తు: హైదరాబాద్‌లో 17.4 డిగ్రీలు, తిరుపతిలో 13.6. ఆ ఎత్తున ఎదురు అపార్ట్‌మెంటో, నీళ్ల ట్యాంకో అడ్డుంటుంది. అవి లేకపోతే దుమ్ము, వీధి దీపాల వెలుగు. మౌంట్ ఇరుసులో ఉండే చిన్న దుర్భిణి, అంటే పోలార్ స్కోప్‌లో కన్ను పెట్టి "అదిగో ధ్రువుడు" అనడం చాలా రాత్రులు పెళ్లిలో పట్టపగలు అరుంధతిని చూసినట్టే ఉంటుంది.

ఆ పోలార్ స్కోప్ సంగతే ముందు. ధ్రువ నక్షత్రం అసలు ధ్రువానికి దాదాపు 40 ఆర్క్ మినిట్లు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ మినిట్) పక్కగా ఉంటుంది కాబట్టి, ఫోన్ యాప్ చూపించిన చోట దాన్ని స్కోప్‌లో కనిపించే గీత మీద నిలపాలి. మన దగ్గర స్కోప్ దాదాపు అడ్డంగా ఉంటుంది గనక మెడ విరగదు, అదొక్కటే సుఖం. వికారాబాద్ వైపు పొలాల్లో, ఉత్తరం తెరిపిగా ఉన్నచోట, బాగానే పనిచేసింది. మా డాబా మీద మాత్రం దండగ.

తర్వాత షార్ప్‌క్యాప్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్. ధ్రువం చుట్టూ ఉన్న చిన్న నక్షత్రాలను ఒక ఫొటో తీసి, మౌంట్‌ని 90 డిగ్రీలు తిప్పి ఇంకొకటి తీస్తే, రెండింటినీ పోల్చి ఎటు ఎంత జరపాలో చెబుతుంది. ధ్రువ నక్షత్రమే ఫ్రేములో ఉండక్కర్లేదు, కానీ ఆ ప్రాంతం కనపడాలి. కనపడిన రోజున ఇంత చక్కని పద్ధతి లేదు. ఈ సదుపాయానికి డబ్బు కట్టి లైసెన్స్ తీసుకోవాలి.

ఇప్పుడు నేను స్థిరపడింది నీనా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని త్రీ పాయింట్ పోలార్ అలైన్‌మెంట్ మీద. ఇది ఉత్తరం వైపు చూడమని అడగదు. ఆకాశంలో ఎక్కడైనా మౌంట్‌ని కొన్నేసి డిగ్రీలు జరుపుతూ మూడు ఫొటోలు తీస్తుంది. ప్రతిదాన్నీ నక్షత్రాల పట్టికతో పోల్చి టెలిస్కోప్ ఎటు చూస్తోందో కనిపెడుతుంది. మూడు స్థానాలూ తెలిస్తే మౌంట్ ఏ ఇరుసు మీద తిరుగుతోందో లెక్క తేలిపోతుంది. ఆపైన నేను మౌంట్‌ని పక్కకీ, పైకీ కిందికీ జరిపే బోల్టులు తిప్పుతుంటే తెర మీద తప్పు తగ్గుతూ కనిపిస్తుంది. కాఫీ చల్లారేలోపు పని అయిపోతుంది. గైడింగ్‌కి, అంటే ఫొటో తీసేటప్పుడు ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంట్ తప్పుల్ని సరిదిద్దడానికి వాడే గైడ్ కెమెరా, చిన్న గైడ్ స్కోప్ ఉన్నా చాలు.

రెండు జాగ్రత్తలు. నడినెత్తికి దగ్గర చేయకండి. అక్కడ పక్కకి జరిపే బోల్టు తిప్పినా నక్షత్రాలు పెద్దగా కదలవు. సూటిగా తూర్పున, పడమరన కింద ఉంటే ఎత్తు బోల్టుకి అదే ఇబ్బంది. నేను దక్షిణం వైపే పెడతాను. ఇంకోటి వాతావరణ వక్రీభవనం. 17 డిగ్రీల ఎత్తున గాలి ధ్రువాన్ని సుమారు 3 ఆర్క్ మినిట్లు పైకి లేపి చూపిస్తుంది. 50 డిగ్రీల దగ్గర అది ఒక ఆర్క్ మినిట్ కూడా ఉండదు, కాబట్టి పైదేశాల వాళ్లు దీన్ని పట్టించుకోరు. నీనాలో దీన్ని సరిచేసే సెట్టింగ్ ఉంది, వెతికి చూసుకోండి.

అయితే సాఫ్ట్‌వేర్ ఎంత బాగున్నా చివరికి తిప్పేది బోల్టులే. టెలిస్కోప్, దానికి సమతూకంగా వేసే బరువులు అన్నీ ఎక్కించాకే మొదలుపెట్టాలి, లేకపోతే బరువుకి మౌంట్ కుంగుతుంది. పక్క బోల్టుల్లో ఒకటి వదులు చేశాకే రెండోది బిగించాలి. ఎత్తుని ఎప్పుడూ పైకి నెడుతూ ముగించాలి, అప్పుడే లూజు ఉండదు. కొనేముందు ఇంకో సంగతి: ఇంత తక్కువ అక్షాంశంలో కొన్ని మౌంట్లకి బరువుల కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. అది షాపులో అడిగి తెలుసుకోవాలి.

ఎంతవరకు సరిచేయాలి? ఒక ఆర్క్ మినిట్ తప్పుకి నక్షత్రం నిమిషానికి మహా అయితే పావు ఆర్క్ సెకండు (ఆర్క్ మినిట్‌లో అరవయ్యో వంతు ఒక ఆర్క్ సెకండు) జారుతుంది. గైడింగ్ ఉన్నవాళ్లు రెండు మూడు ఆర్క్ మినిట్ల దగ్గర ఆపేసి ఫొటోలు మొదలుపెట్టొచ్చు. సున్నా కోసం గంట పోగొట్టుకునేవాళ్లని చూస్తే జాలేస్తుంది, మనకి తేట రాత్రులే తక్కువ. ల్యాప్‌టాప్ లేదంటే పాత డ్రిఫ్ట్ పద్ధతి ఉండనే ఉంది: దక్షిణాన మధ్యాహ్న రేఖ (నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలని కలిపే గీత) దగ్గరి నక్షత్రం ఉత్తర దక్షిణాలుగా జారితే పక్క తప్పు, తూర్పునో పడమరనో ఉన్నది జారితే ఎత్తు తప్పు. బాగా పనిచేస్తుంది గానీ అరగంట పైమాటే.

శనినో చంద్రుణ్ణో కంటితో చూసేవాళ్లకి ఇవేవీ అక్కర్లేదు. మౌంట్ మీది అక్షాంశం స్కేలు మీ ఊరి అక్షాంశం మీద (హైదరాబాద్‌లో 17) పెట్టి, ఫోన్ కంపాస్‌తో ఉత్తరం చూసుకుంటే చాలు. ఫోన్‌ని ఇనప బరువుల పక్కన పెట్టొద్దు, ముల్లు తప్పు చూపిస్తుంది.